గేటు కింద గుంత ఎంత లోతు?

వరద వదిలినప్పుడు అందరి చూపూ గేట్ల మీదే ఉంటుంది. ఎన్ని లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఎన్ని గేట్లు ఎత్తారు, రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారా లేదా... నాలుగు రోజులు ఇదే మాట. వరద తీసిన తరవాత ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. నిజానికి చూడాల్సింది అప్పుడే. గేటు దాటిన నీళ్లు దూకిన చోట నది అడుగు ఎంత లోతుకు కోసుకుపోయింది? ఆ గుంత కట్టడానికి దూరంగా ఉందా, దగ్గరికి జరుగుతోందా? ఆనకట్ట ఆయుష్షు చాలావరకు ఈ రెండు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ గుంతను ఇంజినీర్లు స్కౌర్ అంటారు. మనం కోత అంటాం, మడుగు పడింది అంటాం. బ్యారేజీ కిందే కాదు, కాలువ డ్రాపు కింద, తూము నోటి దగ్గర, చెరువు అలుగు కింద కూడా ఇదే జరుగుతుంది. ఎంత లోతు పడుతుందో ముందే చెప్పడానికి ఇంజినీర్లు వందేళ్లుగా సూత్రాలు కడుతున్నారు. ఇప్పుడు ఆ పని కంప్యూటరుకు నేర్పుతున్నారు. దాన్నే మెషీన్ లెర్నింగ్ అంటున్నారు. ఇది రైతుకు ఏ మేరకు పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది తెలుసుకోవాలి. ఎందుకంటే గోదావరి డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిచ్చే ధవళేశ్వరం బ్యారేజీ నిలబడింది ఇసుక మీద. ఇసుకను నీళ్లు కోస్తాయి. కృష్ణ మీద 1855లో పూర్తయిన పాత ఆనకట్ట దాదాపు వందేళ్లు నిలిచి, 1952 వరదకు తెగింది. ఆ తరవాతే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది.

నీళ్లకు అంత బలమెక్కడిది?

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు 2,830 టన్నుల నీరు. ఇంత బరువు మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగిందంటే అందులో ఉన్న శక్తి 80 మెగావాట్లు దాటుతుంది. కరెంటు తీస్తే ఒక మోస్తరు జల విద్యుత్ కేంద్రం నడుస్తుంది. తీయకపోతే ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి గదా! నేల మీదే ఖర్చవుతుంది.

అందుకే గేటు కింద కొంత దూరం గట్టి కాంక్రీటు గచ్చు పోస్తారు. వడిగా వచ్చిన పలచటి నీటి పొర ఆ గచ్చు మీద ఒక్కసారిగా పైకి లేచి, నురగలు కక్కి, సుడులు తిరిగి నెమ్మదిస్తుంది. దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. ఇంట్లో కుళాయి కింద పళ్లెం బోర్లించి చూడండి. ధార పడిన చోట చుట్టూ పలచగా పరుచుకున్న నీరు కొంత దూరం వెళ్లి గుండ్రంగా గట్టులా లేస్తుంది. అదే ఇది. ఆ గట్టు గచ్చు మీద లేచినంతవరకు భయం లేదు. గచ్చు దాటి ఇసుక మీదకు పోయిందంటే తవ్వడం మొదలైనట్టే.

గచ్చు తరవాత కాంక్రీటు దిమ్మెలు, వాటి తరవాత వదులు రాళ్లు పరుస్తారు. వదులుగా ఎందుకు, సిమెంటు పెట్టి అతికించొచ్చు గదా అని అడిగేవాళ్లున్నారు. వదులుగా ఉంచడమే దాని కిటుకు. కోత పడితే ఆ రాళ్లు గుంత వాలులోకి జారి పరుచుకుంటాయి. గుంత కట్టడం వైపు రాకుండా అడ్డుపడతాయి. అయితే ఒకసారి జారిన రాళ్లు మళ్లీ పైకి రావు. వాటి చోటులో కొత్తవి పోయాలి. వరద తరవాత ఆప్రాన్‌కు రాయి పోయడం దండగ ఖర్చు అనుకుంటాం గానీ, రాయి పోయని ఏడు కట్టడం ఒక మెట్టు బలహీనపడినట్టే లెక్క.

పెద్ద వరదే ప్రమాదం కాదు

వరద ఎంత పెద్దదైతే కోత అంత పెద్దదని మనకో నమ్మకం. బ్యారేజీల దగ్గర అన్నివేళలా అలా ఉండదు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు పైగా వచ్చింది. అలాంటి వరదలో గేట్లన్నీ ఎత్తేస్తారు. దిగువన కూడా నది నిండుగా ఉంటుంది. పైనా కిందా నీటి మట్టాల తేడా బాగా తగ్గిపోతుంది. నీరు దూకదు, సాగిపోతుంది. నీరు ఎక్కువే గానీ ఒక్కో అడుగు మీద పడే దెబ్బ అనుకున్నంత ఉండకపోవచ్చు.

అసలు ఇబ్బంది నడిమి వరదల్లో వస్తుంది. దిగువన నీరు తక్కువగా ఉంటుంది, పైన నిండుగా ఉంటుంది. అప్పుడు నాలుగు గేట్లే ఎక్కువ ఎత్తులో లేపి మిగతావి మూసి ఉంచితే నీరంతా ఆ నాలుగు ఖానాల్లోంచే దూకుతుంది. పక్కనున్న మూసిన ఖానాల ముందు సుడులు తిరిగి అక్కడి ఇసుకనూ లాగేస్తుంది. గేట్లు సమంగా, కొంచెం కొంచెంగా ఎత్తాలని నిబంధన పెట్టింది ఇందుకే. ధవళేశ్వరంలో నాలుగు ఆర్ములకు కలిపి 175 గేట్లున్నాయి. ఏ గేటు ఎంత ఎత్తారన్నది కాలువలకు నీళ్ల లెక్క ఒక్కటే అనుకోవద్దు, కింద ఇసుకకు కూడా లెక్కే.

ఇసుక తవ్వకం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. దిగువన ఇసుక తోడేస్తే నది అడుగు దిగుతుంది, దాంతో నీటి మట్టం దిగుతుంది. గచ్చు మీద లేవాల్సిన జంప్ కిందికి జారిపోతుంది. వాల్టా నిబంధనల్లో కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వరాదని ఉంది. పడవల్లో డ్రెడ్జింగు చేసినా, ఎడ్లబండితో తోలినా నదికి తేడా పరిమాణంలోనే.

లేసీ దొర లెక్క

కోత లోతుకు మన దేశంలో ఇప్పటికీ వాడుతున్న సూత్రం జెరాల్డ్ లేసీ అనే ఇంజినీరు 1930లో ఇచ్చినది. మన దేశపు ఒండ్రు నేలల కాలువలను కొలిచి కట్టిన సూత్రం అది. మీటరు వెడల్పు మీద సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోతోంది, అడుగున ఇసుక ఎంత ముతక అనే రెండు సంగతులు చెబితే నీటి మట్టం నుంచి కోత లోతు వస్తుంది.

సుమారు 0.3 మిల్లీమీటర్ల ఇసుక తీసుకుందాం. మీటరు వెడల్పుకు 10 ఘనపు మీటర్లు పోతే లోతు 6.3 మీటర్లు. అదే నీటిని సగం గేట్లలోంచే వదిలితే మీటరుకు 20 ఘనపు మీటర్లవుతుంది. లోతు 10 మీటర్లకు దిగుతుంది. అంటే ఒక్క గేట్ల పద్ధతి తేడాకే 12 అడుగులు అదనం. ఇది మామూలు కోత. వంతెన స్తంభం ముక్కు దగ్గర దీనికి రెట్టింపు వేసుకుని పునాది దింపాలని రోడ్డు వంతెనల ప్రమాణాలు చెబుతాయి.

సూత్రం సులువుగా ఉంది, చేతి లెక్కకు అందుతుంది. కానీ రెండు సంగతులే అడుగుతుంది. దిగువన నీరెంత లోతుంది, ఎంత ఎత్తు నుంచి దూకుతోంది, గచ్చు ఎంత పొడవు, ఇసుకలో మెత్తదీ ముతకదీ ఎంత కలిసింది, వరద ఎన్ని గంటలు నిలిచింది అని అడగదు. నది మాత్రం ఇవన్నీ చూసుకునే తవ్వుతుంది.

కంప్యూటరు ఎలా నేర్చుకుంటుంది?

బెల్లం వండే వాణ్ని చూడండి. పాకం ఎప్పుడు దించాలో ఏ పుస్తకంలోనూ చదవడు. వందల కొప్పెరలు చూసి ఉంటాడు. రంగు, బుడగ, వాసన, తీగ చూసి చెప్పేస్తాడు. ఎలా తెలిసిందంటే సరిగా చెప్పలేడు, చెప్పింది మాత్రం తప్పదు. మెషీన్ లెర్నింగ్ కూడా అలాంటిదే. కంప్యూటరుకు సూత్రం ఇవ్వరు. జరిగినవి ఇస్తారు. ఇంత నీరు, ఇంత ఎత్తు, ఇంత ఇసుక, దిగువన ఇంత లోతు అని ఒక వరస, దాని పక్కన అక్కడ పడిన గుంత ఇంత అని జవాబు. ఇలా వందల వరసలు పెడతారు. మొదట అది అడ్డదిడ్డంగా చెబుతుంది. తప్పు ఎంత వచ్చిందో చూసుకుని, ఏ సంగతికి ఎంత బరువు ఇవ్వాలో తనే సర్దుకుంటుంది. వేలసార్లు సర్దుకున్నాక జవాబు దగ్గరికి వస్తుంది.

ఇందులో పద్ధతులు చాలా ఉన్నాయి. న్యూరల్ నెట్‌వర్క్ అని ఒకటి. రాండమ్ ఫారెస్ట్ అని ఇంకొకటి. ఈ రెండోది మనకు బాగా అర్థమవుతుంది. రచ్చబండ దగ్గర వంద మంది పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి లెక్కల్లో కొంత భాగమే చూపిస్తారు. ఒకరు నీరెంత అని అడిగి తేలుస్తారు, ఇంకొకరు ఇసుక ముతకా మెత్తనా అని మొదలుపెడతారు. వంద మంది చెప్పినదాని సగటే తీర్పు. ఒకరు తప్పినా మిగతావాళ్లు సరిచేస్తారు.

ఇది నిన్న మొన్న మొదలైన పనేం కాదు. ఐఐటీ బొంబాయి నుంచి అజ్మతుల్లా, ఎం.సి. దేవ్, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం నుంచి దేవలాలీకర్ కలిసి 2005లోనే ఒక పరిశోధన ప్రచురించారు. ఎత్తయిన డ్యాముల్లో స్పిల్‌వే చివర నీటిని తొట్టిలాంటి అంచుతో గాల్లోకి ఎగరేసి దూరంగా పడేస్తారు. ఆ పడిన చోట గుంత ఎంత లోతు, ఎంత వెడల్పు, ఎంత దూరంలో పడుతుందో న్యూరల్ నెట్‌వర్క్ చేత చెప్పించారు. పాత సూత్రాల కంటే దగ్గరగా చెప్పింది.

రాతి అడుగు అయినా కోత తప్పదు సుమా. శ్రీశైలం డ్యాం దిగువన స్పిల్‌వే నీళ్లు తవ్విన మడుగు ఏళ్ల తరబడి చర్చల్లో ఉంది. ఆఫ్రికాలో జాంబియా, జింబాబ్వేల మధ్య 1959లో పూర్తయిన కరీబా డ్యాం కింద నీటి ధార రాతిని దాదాపు 80 మీటర్ల లోతుకు తొలిచింది. దాన్ని సరిచేయడానికి పెద్ద పని చేపట్టాల్సి వచ్చింది.

ఎక్కడ నమ్మొచ్చు, ఎక్కడ నమ్మరాదు

కంప్యూటరు చెప్పింది గదా అని కళ్లు మూసుకుంటే కష్టం. మొదటి చిక్కు, బట్టీ చదువు. వెనకటి ప్రశ్నలన్నీ బట్టీ పట్టిన పిల్లవాడు అదే పేపరు ఇస్తే నూటికి నూరు తెస్తాడు. ప్రశ్న తిప్పి అడిగితే దిక్కులు చూస్తాడు. కంప్యూటరుకూ ఈ జబ్బు ఉంది. అందుకే లెక్కల్లో కొన్నింటిని దానికి చూపకుండా దాచి, చివర్లో వాటితో పరీక్ష పెడతారు. ఎవరైనా ‘మా పద్ధతి 95 శాతం కరెక్టు’ అంటే, దాచిన లెక్కల మీదా, చూపించిన లెక్కల మీదా అని అడగాలి.

రెండోది ఇంకా పెద్దది. నేర్పడానికి వాడే లెక్కల్లో ఎక్కువ భాగం ప్రయోగశాల తొట్లలో కొలిచినవి. అడుగు, రెండడుగుల వెడల్పు తొట్టిలో ఇసుక పోసి నీళ్లు వదిలి కొలుస్తారు. గేటును 50వ వంతుకు తగ్గించి నమూనా చేయొచ్చు. ఇసుక రేణువును 50వ వంతుకు తగ్గిస్తే అది ఇసుకగా ఉండదు, మెత్తటి ఒండ్రు అయిపోతుంది. నీళ్లలో దాని నడకే వేరు. పల్నాడు మిరప తోటలు తిరిగిన వ్యాపారిని కోనసీమ కొబ్బరి తోటకు తీసుకొచ్చి కాపు చెప్పమంటే ఏం చెబుతాడు? తొట్టిలో చదువుకున్న కంప్యూటరును గోదావరి దగ్గర నిలబెట్టినా అంతే. అది తెలియదు అనదు, ఏదో ఒక అంకె చెబుతుంది. అక్కడే ప్రమాదం.

మూడోది, అడిగినదానికే జవాబిస్తుంది. మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరు 21న 7వ బ్లాకులో స్తంభాలు కుంగాయి. జాతీయ డ్యాం భద్రతా సంస్థ నిపుణులు తరవాత నెలలో ఇచ్చిన నివేదికలో, పునాది కింద నుంచి ఇసుక కొట్టుకుపోవడాన్ని ముఖ్య కారణాల్లో చెప్పారు. ప్రణాళిక, డిజైను, నాణ్యత, నిర్వహణ అన్నింట్లో లోపాలున్నాయన్నారు. పైనుంచి దూకే నీరు తవ్వడం ఒకటి, అడుగు నుంచి ఊట ఇసుకను మోసుకుపోవడం ఇంకొకటి. గుంత లోతు నేర్చుకున్న కంప్యూటరుకు ఊట సంగతి తెలియదు.

పోలవరంలో జరిగింది మరో రకం. కాఫర్ డ్యాంల మధ్య ఖాళీల్లోంచి వరద ఇరుకుగా దూరడంతో వడి పెరిగి లోతైన గుంతలు పడ్డాయి, డయాఫ్రం వాల్ దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. పని సగంలో ఉన్న కట్టడం ప్రతి వరదకూ ఒక కొత్త ఆకారంలో ఉంటుంది. అలాంటి ఆకారం కంప్యూటరు చూసిన వందల వరసల్లో ఒక్కటైనా ఉండాలి గదా.

కాబట్టి మన నదులకు పనికొచ్చే కంప్యూటరు కావాలంటే మన నదుల్లో కొలిచిన గుంతల లెక్క కావాలి. పెద్ద బ్యారేజీల దగ్గర సోనార్ పెట్టి అడుగు లోతు తీయడం ఇప్పుడు కష్టమైన పనేం కాదు. గేటు గేటుకు ఎత్తు, పైనా కిందా మట్టం గంటగంటకు రాస్తూనే ఉంటారు. ఈ రెండూ ఒకే పుస్తకంలోకి రావాలి. ఒకటి కంట్రోలు రూములో, ఇంకొకటి రిపేర్ల ఎస్టిమేట్లలో ఉండిపోతే ఏ కంప్యూటరూ నేర్చుకోదు.

మన చెరువు అలుగు దగ్గర

అలుగు అనండి, రాయలసీమలో మరవ అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. దాని కింద రాతి పేర్పు చివర గుంత పడటం అందరూ చూసిందే. చిన్న చెరువుల దగ్గర ఆ లోతు ఏటా రాసి ఉంచిన చోటు అరుదు. రాయడానికి కంప్యూటరు అక్కర్లేదు. అడుగు అడుక్కు గీతలు పెట్టిన పొడవాటి వెదురు బొంగు చాలు. గుంత పెద్దదైతే తాడుకు అడుక్కో ముడి వేసి చివర రాయి కట్టుకోవాలి.

అలుగు పారుతున్నప్పుడు గుంత దగ్గరికి పోవద్దు. అంచు కింద బోలుగా ఉంటుంది, మనిషి బరువుకు విరుగుతుంది. నీరు ఆగిన తరవాతే కొలవాలి. గుంతలోకి దిగొద్దు. పేర్పు అంచు నుంచి ఎంత దూరంలో ఎంత లోతు ఉందో, అలుగు వెడల్పున కనీసం అయిదు చోట్ల చూడాలి. ఏటా అవే అయిదు చోట్లు కావాలి కాబట్టి రాతి మీద రంగు గుర్తులు పెట్టుకోవాలి. అలుగు మీద ఎన్ని అంగుళాల నీరు, ఎన్ని రోజులు పారిందో కూడా రాయాలి.

ఒక మెలిక ఉంది. వరద జోరులో పడిన గుంత, వరద తీస్తున్నప్పుడు వచ్చే ఇసుకతో కొంత పూడుతుంది. తరవాత కొలిస్తే అసలు లోతు కంటే తక్కువ కనిపిస్తుంది. దీనికో ఉపాయం ఉంది. ఎండాకాలంలో గుంత ఎండినప్పుడు అడుగున నిట్టనిలువుగా గొయ్యి తీసి, ఇటుకలు ఒకదానిమీద ఒకటి, సున్నం సిమెంటు లేకుండా, అంకెలు వేసి పేర్చి చుట్టూ అదే మట్టి నింపాలి. మరుసటి ఏడు తవ్వి చూస్తే పైన ఎన్ని ఇటుకలు పోయాయో అంత లోతుకు కోత దిగినట్టు. ఇటుకల మీద కొత్త ఇసుక ఎంత పేరుకుందో అంత మళ్లీ పూడినట్టు.

లోతు ఒక్కటే చూసి బెంబేలు పడక్కర్లేదు. గుంత లోతైనా దూరంగా ఉంటే కొంత ఓపిక పట్టొచ్చు. లోతు పెరగకపోయినా ఏటా పేర్పు వైపు జరుగుతుంటే, ఆ వానాకాలానికి ముందే రాయి పోయించుకోవాలి. పేర్పు మీద గునపంతో తట్టితే డొల్ల చప్పుడు వచ్చినా, దిగువన ఊట నీరు తేటగా కాక ఇసుకను బుగ్గలుగా తెస్తున్నా వాయిదా పనికిరాదు. ఆ రోజే ఇరిగేషన్ ఏఈకి చెప్పాలి, నీటి వినియోగదారుల సంఘం తరఫున కాగితం రాసి ఇవ్వాలి. ‘కట్ట బాగాలేదు’ అని రాసిన కాగితానికీ, ‘మూడో గుర్తు దగ్గర గుంత పోయినేడు అంచుకు 14 అడుగుల దూరంలో ఉంది, ఈ ఏడు 9 అడుగులకు వచ్చింది’ అని రాసిన కాగితానికీ ఆఫీసులో నడక వేరుగా ఉంటుంది.